అలూర్ వర్ణక్రమం: రాతకెక్కని భేదాలు

ఉగాండా వాయవ్య ప్రాంతంలోనూ, కాంగోలోని ఇటూరీలోనూ వ్యవహారంలో ఉన్న అలూర్ పశ్చిమ నైలోటిక్ భాష. జిహ్వామూలం ముందుకు జరగడం, జరగకపోవడం అనే భేదం ఇందులోని అచ్చులను రెండు వర్గాలు చేస్తుంది; స్వరస్థాయి కూడా అర్థభేదకమే. వాడుకలోని రోమన్ వర్ణక్రమం దంత్య స్పర్శాలకు హకారం చేర్చి వాటిని వేరుగా చూపుతుంది. అచ్చులకు మాత్రం సాధారణంగా ఐదు గుర్తులతోనే సరిపెడుతుంది. స్వరస్థాయిని విడిచిపెడుతుంది.

తెలుగులోనూ ‘వచ్చాడు’ అనే మాటలో వినిపించే తాలవ్య అచ్చుకు ప్రత్యేక లిపిసంకేతం లేదు. అయినా మాతృభాషీయులు తడబడరు. కాని తెలుగులో రాతకెక్కనిది ఒక్క అచ్చు. అలూర్‌లో ఒక వ్యవస్థ. అలవాటుపడిన పాఠకుడికి చాలిన ఈ రాత, చదువు నేర్చే పిల్లలకు చాలదు. నిత్యరచనలో గుర్తులు లేకపోయినా, నిఘంటువుల్లోనూ తొలి వాచకాల్లోనూ అవి ఉండితీరాలి.