గడీ బయట, గడీ లోపల

అవార్డు సినిమా అనగానే మన దగ్గర రెండు మాటలు వినపడతాయి. ‘గొప్పదేగానీ కూర్చుని చూడలేం’ అనేది ఒకటి. ‘ఇలాంటి విషయం మీద తీశారు, అదే పదివేలు’ అనేది ఇంకొకటి. మొదటివాళ్లు సినిమాకు దూరం నుంచే దండం పెట్టి తప్పుకుంటారు. రెండోవాళ్లు కథావస్తువు చూసి మార్కులేస్తారు. తెలంగాణ దొరల పాలన మీద వచ్చిన ‘మా భూమి’, ‘దాసి’ చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ రెండు తీర్పులూ తొందరపాటేనని తెలుస్తుంది.

కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా 1979లో తయారైంది ‘మా భూమి’. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. దర్శకుడు గౌతమ్ ఘోష్‌కు తెలుగు మాతృభాష కాదు, అది ఆయన మొదటి కథాచిత్రం. అయినా సినిమా పరాయిగా అనిపించదు. తెర మీద ఎక్కువగా హాస్యానికో విలన్‌కో దక్కుతూ వచ్చిన తెలంగాణ మాట ఇక్కడ కథానాయకుడిది. సుద్దాల హనుమంతు, బండి యాదగిరి పాటలు స్టూడియోలో పుట్టినవి కావు, తెలంగాణ సాయుధ పోరాటంలో జనం నోట నలిగినవి. గొంగడి కప్పుకుని గద్దర్ యాదగిరి పాట ఎత్తుకుంటే కథ ఆగినట్టుండదు. ఊరే గొంతు విప్పినట్టుంటుంది.

ఇందులో ఒక ఘట్టం చూడండి. కథానాయకుడు రామయ్య ప్రేమించిన చంద్రికి దొర ఉండే గడీ నుంచి పిలుపొస్తుంది. వెళ్లకుండా ఉండే దారి లేదు. సంగతి తెలిసిన రామయ్య దొర మీద కత్తి దూయడు, చంద్రినే వదిలేసి ఊరు దాటిపోతాడు. ఆ పిల్ల మీద జాలి, వాడి మీద కోపం ఒకేసారి కలుగుతాయి. నిలదీయాల్సింది ఎవరినో వాడికింకా తెలియదు. హైదరాబాదులో మక్బూల్ అనే కార్మికుడి స్నేహంలో అక్షరాలతోపాటు ఆ తెలివిడీ వస్తుంది. జనం తిరగబడితే పారిపోయిన దొరలు, హైదరాబాదు సంస్థానం మీద 1948 సెప్టెంబరు సైనిక చర్య తర్వాత ఖద్దరు వేషంతో తిరిగొస్తారు. గెలిచామన్న ఊరట మనకూ మిగలదు.

నర్సింగరావే 1988లో ‘దాసి’కి దర్శకత్వం వహించారు. దానికి ఐదు జాతీయ అవార్డులొచ్చాయి. ఉత్తమ నటి అర్చన, ఛాయాగ్రాహకుడు ఎ.కె. బిర్, కళాదర్శకుడు తోట వైకుంఠం ఆ జాబితాలో ఉన్నారు. ఇక్కడ జెండాలు లేవు, ఊరేగింపులు లేవు. ఉన్నదల్లా గడీ, అందులో కమలాక్షి. దొరసాని పెళ్లిలో అరణంగా (పుట్టింటి కానుకగా) వచ్చిన ఆడబాప, అంటే దాసి. ఇంటి చాకిరీతోపాటు దొర కోరిక తీర్చడం కూడా ఆమె పనుల్లో ఒకటి, అంతే. దర్శకుడు దాన్ని విడిగా గుండెలు బాదుకునే సన్నివేశంగా తీయడు, మిగతా పనుల వరుసలోనే చూపిస్తాడు. మాటలు తక్కువ. ఆమె కడుపుతో ఉందని తెలిశాక ఆ బిడ్డ పుట్టకూడదని దొరసాని ఆజ్ఞ. దొరసాని కూడా ఆ గోడల మధ్య నలిగినదే. తనకు దక్కిన కాస్త అధికారాన్నీ దాసి మీదే చూపగలదు.

లోపాలు లేవని కాదు. ‘మా భూమి’లో కొన్ని చోట్ల మనుషులు వెనక్కి తగ్గి సిద్ధాంతం మాట్లాడుతుంది. ‘దాసి’ నడక ఓపికను పరీక్షిస్తుంది. కానీ ఆ నెమ్మది అలంకారం కాదు. కమలాక్షికి పొద్దు ఎలా గడుస్తుందో మనకూ అలాగే గడవాలని చేసిన ఏర్పాటు.

కన్నీళ్లు తెప్పించడం కష్టమేమీ కాదు, చావు సీనూ వయొలిన్లూ ఉంటే చాలు. ఆ కన్నీరు ఒక మనిషి దురదృష్టం దగ్గర ఆగిందా, దాన్ని నడిపించిన ఏర్పాటు దాకా మన చూపును తీసుకెళ్లిందా అన్నదే గీటురాయి. ఈ లెక్కన చరిత్రలో చోటు ‘మా భూమి’ది పెద్దది, మనసు మీద బరువు ‘దాసి’ది ఎక్కువ. గడీ మీదికి జనం ఎలా కదిలారో మొదటిది చెప్పింది. ఆ కదలిక అంతదాకా ఎందుకు వెళ్లిందని అడిగేవాళ్లు మాత్రం రెండోదే చూడాలి.