నిండిన తరువాతనే కదలు బండి

కెన్యా దేశమున నైరోబీ నుండి నకూరు పట్టణమునకు పోదలచిన బాటసారి తన చేతిగడియారమును సంచిలో దాచుకొనుట మేలు; ఏలయన, అక్కడివారు మటాటూ అని పిలుచు ఆ పదునాలుగు సీట్ల వ్యానునకు నియతమైన వేళ యనునది లేదు, సీట్లన్నియు నిండినప్పుడు కదలుటయే దాని ధర్మము. కావున ఏ బండి ముందుగా నిండునో కనిపెట్టుటయే ఈ ప్రయాణవిద్యకు ప్రథమపాఠము. ఖాళీ బండిలో కిటికీప్రక్క చోటు దొరకినదని సంతసించినవాడు ఎండలో కూర్చుండియే యుండగా, రెండు మూడు చోట్లు మాత్రమే మిగిలిన దానిలో ఇఱుకున సర్దుకొన్నవాడు ఊరు చేరును. ఇందును ఒక మాయ గలదు: బండి నిండినట్లు కనబడుటకై స్టాండులోని కుఱ్ఱవాండ్రు కొందఱు ప్రయాణికులవలె లోపల కూర్చుండి, మనము స్థిరపడగానే ఒకరి వెనుక నొకరు దిగిపోదురు. ఒడిలో సంచిగాని చంకలో బిడ్డగాని లేని నిండుదనమును నేను శంకింతును.

ఈ బండ్లు సర్కారు నడుపునవి కావు. నగరపు బస్సులు చాలనందున పుట్టిన ఈ వ్యాపారమునకు 1973లో అధ్యక్షుడు జోమో కెన్యాట్టా ప్రత్యేక లైసెన్సు అక్కఱలేదని అనుమతి నొసగెను. దాని విశృంఖలత్వమును అరికట్టుటకై 2004లో రవాణామంత్రి జాన్ మిచూకీ వేగమును గంటకు 80 కిలోమీటర్లకు పరిమితము చేయు యంత్రమును, ప్రతి సీటునకు బెల్టును, బండి చుట్టును పసుపుపచ్చని చారను విధించెను. చార నేటికిని కనబడుచున్నది; బెల్టు మాత్రము ప్రయాణికుని అదృష్టమును బట్టి యుండును.

టైంటేబులు లేని దేశమున నియమమే లేదని వ్రాయువారితో నేను ఏకీభవింపజాలను. వాన కురిసిన ఛార్జీ పెరుగునని, సాయంకాలమున మఱికొంత హెచ్చునని అక్కడ పసివానికిని తెలియును. తెలియనివాడు కండక్టరును గాక ప్రక్కనున్న అమ్మను అడుగవలెను, ఆమె ఎంత యిచ్చునో తానును అంతయే యీయవలెను. ఆ ఇచ్చుట నేడు తఱచుగా 2007లో వెలసిన ఎం-పెసా యను చెల్లింపు పద్ధతి మూలమున ఫోనులోనే జరుగుచున్నది గనుక చిల్లఱ తగవులు కొంత తగ్గినవి.

మటాటూ దింపిన కూడలినుండి ఊరిలోనికి బోడాబోడా యను మోటారుసైకిలే దిక్కు. దాని బేరము ఎక్కకమునుపే తెగవలెను. హెల్మెట్టు అడుగుటకు మొగమాటపడరాదు. చీకటి పడిన పిమ్మట మాత్రము, ఎంత తక్కువకు వత్తునన్నను, నేను దాని నెక్కను.