నీళ్ల కింది గడప

గోదావరి, కృష్ణా డెల్టాల్లో పెరిగినవాళ్లకి లాకు అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. ఇటు తలుపులు, అటు తలుపులు, మధ్యలో తొట్టి. నీళ్లు నింపితే పడవ లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఆ మాట మనకి ఇంగ్లీషు ఇంజనీర్లతో వచ్చింది. వాళ్ల దేశంలో సరుకు పడవలు పోయినా విహార పడవలు మిగిలాయి. చాలాచోట్ల లాకు తలుపులు తీసేదీ మూసేదీ పడవలో వచ్చినవాళ్లే.

ఇంగ్లండులోని డివైజెస్ ఊరి దగ్గర కెనెట్-ఏవన్ కాలవ రెండు మైళ్ల దూరంలో 29 లాకులు దాటుతూ 237 అడుగులు ఎక్కుతుంది. జాన్ రెన్నీ వేసిన ఈ కాలవ 1810లో పూర్తయింది. కేన్ హిల్ గుట్ట మీద 16 లాకులు మెట్లలా ఒకే వరసలో ఉంటాయి. వచ్చినవాళ్లందరూ ఆ వరసకే ఫొటోలు తీస్తారు. పనితనం తెలియాలంటే మాత్రం ఒక్క లాకు దగ్గర కాసేపు నిలబడాలి.

ఓక్ తలుపులు రెండూ మూసుకున్నప్పుడు ఎగువకి ముక్కు పెట్టినట్టు కోణంగా కలుస్తాయి. నీళ్లు ఎంత తోస్తే అంత బిగుస్తాయి. గడియ లేదు, తాళం లేదు. రెండు వైపులా నీటిమట్టం సమమయ్యేదాకా ఎంత బలవంతుడైనా వాటిని తెరవలేడు. ఇంతకంటే నమ్మకమైన కాపలా ఏముంటుంది!

అసలు ప్రమాదం ఎగువ తలుపుల కింద ఉంది. అక్కడ తొట్టిలోకి పొడుచుకొచ్చిన రాతి గడప ఉంటుంది. తొట్టి నిండుగా ఉన్నప్పుడు కనిపించదు. పడవ దిగేటప్పుడు వెనక కొస ఆ గడప మీద చిక్కుకుందా, ముందు కొస కిందికి పోతూనే ఉంటుంది, నీళ్లు లోపలికి దూకుతాయి, నిమిషాల్లో పడవ మునుగుతుంది. అందుకే గడప ఎక్కడిదాకా వచ్చిందో తెలిసేలా గట్టు మీద తెల్లగీత గీశారు. పడవ వెనక భాగం ఆ గీతకి ముందే ఉండాలి. ఒక్క బ్రష్షు వెడల్పు రంగు అది, ఎన్ని పడవల్ని కాచిందో! దిగే పడవ తాడుని గట్టుకి బిగించి కట్టకూడదన్నదీ ఇలాంటిదే. కడితే నీళ్లు దిగిపోతాయి, పడవ తాడుకి వేలాడుతుంది.

నీళ్లు వదిలే పలకలని ఎత్తడానికి పళ్లచక్రం, అది వెనక్కి తిరగకుండా ఓ చిన్న ఇనప కొక్కెం ఉంటాయి. తిప్పుడు పిడిని చక్రానికే వదిలేస్తే, కొక్కెం జారిన క్షణంలో పిడి గిర్రున తిరిగి చెయ్యి విరుస్తుంది. పలక ఎత్తగానే పిడి తీసి చేత పట్టుకోవడం అలవాటున్నవాళ్ల తీరు.

లాకుల దగ్గరి హెచ్చరిక బోర్డుల మీద అంతా రాయలేరు. వెడల్పు లాకులో ఇరుకు పడవ ఒంటరిగా పైకెక్కుతోందనుకోండి. తొట్టి 14 అడుగులు, పడవ ఏడడుగుల లోపు. ఎగువన రెండు గోడల్లోనూ నీటి దారులుంటే ముందు ఏది తెరవాలి? కొత్తవాళ్లు అవతలి వైపుది తెరుస్తారు, నీళ్లు పడవకి దూరంగా పడతాయని. ఏళ్ల తరబడి పడవ నడిపినవాళ్లని అడిగితే పడవ ఉన్న వైపుదే ముందు, అదీ సగమే తెరవమంటారు. ఆ నీళ్లు పడవ అడుగునుంచి దూసుకెళ్లి, ఎదుటి గోడకి తగిలి వెనక్కి మళ్లుతాయి. ఆ మళ్లిన నీరే పడవని ఇవతలి గోడకి ఒత్తిపెడుతుంది. నీళ్లు సుళ్లు తిరుగుతున్నా పడవ కదలదు. తాడు పట్టుకున్న మనిషి చేతిలో తాడు వదులుగానే ఉంటుంది.