క్లోమ శస్త్రచికిత్సలో డ్రెయిను గొట్టము: ఒక విమర్శ

క్లోమమునకు శస్త్రచికిత్స చేసిన పిదప ఉదరములో డ్రెయిను గొట్టమును అమర్చుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. లోపల చేరు ద్రవము బయటికి పోవుట మేలే కదా యని తోచును. అయితే ఆచారమునకు కారణముండుట వేరు, అది మేలు చేయునని పరీక్షలో రుజువగుట వేరు. ఆ పరీక్షలను కొన్నిటిని ఇచట పరిశీలింతము.

క్లోమము జఠరమునకు వెనుకనున్న గ్రంథి. ఇది దినమునకు సుమారు 1.5 లీటర్ల రసమును చిన్నప్రేగులోనికి పంపును. క్లోమ శిరస్సును తొలగించినపుడు మిగిలిన భాగమును తిరిగి ప్రేగునకు కలిపి కుట్టుదురు. ఈ కుట్టునుండి రసము కారినచో అందలి ఎంజైములు శరీర కణజాలమునే జీర్ణింపజేయును. రక్తనాళము తెగి ప్రాణాపాయము కలుగవచ్చును. గొట్టము ఆ రసమును బయటికి తీయును. రసము కారుచున్నదని కూడ తెల్పును. అందులకై గొట్టమునుండి వచ్చు ద్రవములో ఎమైలేజును కొలుతురు. గంజిలో లాలాజలము కలిపి, అయోడినుతో నీలిరంగు రాకుండుట చూపు మన పాఠశాల ప్రయోగములో పనిచేయునదియు ఈ జాతి ఎంజైమే. కాని గొట్టము లోపలికి క్రిములు చేరు త్రోవ కూడ కావచ్చును.

అమెరికాలో 137 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితములు 2014లో వెలువడినవి. గొట్టమున్న వారిలో మరణములు నూటికి 3, లేని వారిలో 12. అందుచేత పరీక్షను నడుమనే ఆపివేసిరి. 2016లో జర్మనీనుండి వెలువడిన పరీక్షలో 395 మందిని లెక్కించిరి. అందు మరణములు ఇరువైపుల నూటికి 3 మాత్రమే. పైగా బాధాకరమైన రసస్రావము గొట్టమున్న వారిలో నూటికి 11.9, లేని వారిలో 5.7.

ఈ రెండింటిలో ఏది నిజము? మొదటిదానిని ఆపుట ధర్మమే. కాని నడుమ ఆగిన చిన్న పరీక్షలో తేడా ఉన్నదానికంటె పెద్దదిగా కనబడు అవకాశము కలదు. రెండవదానిలో మరియొక చిక్కు కలదు. గొట్టము లేనిదే ద్రవములోని ఎమైలేజును సులభముగా కొలువలేము. అంతేగాక, గొట్టము మూడు వారములు దాటి ఉంచవలసివచ్చుటను గూడ రోగలక్షణముగనే గణించుదురు. కావున కొలిచే సాధనమే లెక్కను పెంచవచ్చును. మరణముల లెక్కకు ఈ దోషము లేదు. స్రావపు లెక్కకంటె దానినే ఎక్కువ నమ్మవలెను.

ఇటలీలో 2010లో ప్రకటింపబడిన పరీక్ష ప్రశ్ననే మార్చినది. మొదటి దినమున ద్రవములో ఎమైలేజు 5000 యూనిట్లకు మించని 114 మందిని తీసికొని, సగము మందికి మూడవ దినమున గొట్టము తీసివేసిరి. తక్కినవారికి ఐదవ దినమో ఆపైననో తీసిరి. రసస్రావము మొదటివారిలో నూటికి 1.8, రెండవవారిలో 26. పైన చెప్పిన కొలతదోషమును కొంత తీసివేసినను, ఇంత తేడాను త్రోసిపుచ్చలేము. వరిమడిలో మడవ తీయుట యెట్టిదో, వేళకు మూయుటయు అట్టిదే.

క్లోమము మెత్తగా, నాళము సన్నగా ఉన్నవారికి కుట్టు తెగు భయము హెచ్చు. గ్రంథి గట్టిపడినవారికి తక్కువ. వీరినందరిని ఒకే రాశిగా పోసి సగటు తీసినచో ఎవరికి మేలో తెలియదు. మరియొక సంగతి. గొట్టము లేని రోగికి లోపల ద్రవము చేరినచో వెంటనే స్కానింగు తీసి, సూదితో దానిని తీయగల వైద్యులు ఏ వేళనైనను దొరకవలెను. శృంగవరపుకోటలోగాని అనంతగిరి కొండపల్లెలలోగాని ఉన్న రోగి, ఇంటికి వచ్చిన పిదప జ్వరము వచ్చినచో విశాఖపట్టణము చేరవలసి యుండును. జర్మనీ ఫలితమును ఆతనికి యథాతథముగా వర్తింపజేయుట శాస్త్రము కాదు.

కనుక గొట్టము మంచిదా, చెడ్డదా యను ప్రశ్నయే లోపభూయిష్ఠము. ఎవరికి, ఎన్ని దినములు, ఎట్టి ఆసుపత్రిలో అని అడుగవలెను. విద్యార్థులు ఏ పరీక్షాఫలితమును చదివినను ముందుగా చూడవలసినవి రెండు: ఎవరిని లెక్కించిరి, దేనితో కొలిచిరి.