వలస లెక్కలు: లాభం ఎవరిది? నష్టం ఎవరిది?

వలసలను గూర్చి వెలువడే గ్రంథాలలో చాలావరకు రెండు తెగలకు చెందినవే. వచ్చినవారి వల్ల దేశం గుల్లవుతున్నదని మొదటి తెగవారు వాపోతారు. వారి రాక అందరికీ మేలేనని రెండవ తెగవారు భరోసా ఇస్తారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు జార్జ్ బోర్హాస్ 2016లో ప్రచురించిన ‘వి వాంటెడ్ వర్కర్స్’ గ్రంథాన్ని మొదటి తెగలో చేర్చి పక్కన పెట్టడం మనకు సులభం. మన బంధుమిత్రులలో ఎందరో పరదేశాలలో పొట్టపోసుకుంటున్నవారే గనుక వలసను శంకించే మాట మనకు రుచించదు. కాని రుచించనంత మాత్రాన ఒక వాదం అసత్యం కాజాలదు. ఈ గ్రంథంలో నిలిచేదేదో, నిలవనిదేదో విడదీసి చూడటం న్యాయం.

గ్రంథకర్త స్వయంగా వలస వచ్చినవారే. 1950లో హవానాలో జన్మించి 1962లో అమెరికా చేరారు. గ్రంథానికి పెట్టిన పేరు స్విస్ రచయిత మాక్స్ ఫ్రిష్ 1965లో చేసిన ఒక వ్యాఖ్య నుండి గ్రహించినది. స్విట్జర్లాండుకు వచ్చిన ఇటలీ కార్మికులు కేవలం పనిచేసే చేతులు కారనీ, మనుషులనీ ఫ్రిష్ తన దేశస్థులకు గుర్తుచేశాడు. బోర్హాస్ వాదానికి మూలసూత్రం ఇదే. మనిషి వస్తే అతని శ్రమ మాత్రమే రాదు, అతని కుటుంబం, అవసరాలు, అలవాట్లు అన్నీ వస్తాయి.

ఆయన చూపే ముఖ్య నిదర్శనం మయామీ నగరం. 1980 ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు క్యూబాలోని మారియెల్ రేవు నుండి సుమారు 1,25,000 మంది పడవలలో అమెరికా చేరారు. వారిలో దాదాపు సగం మంది మయామీలోనే స్థిరపడ్డారు. ఆ నగర శ్రామికుల సంఖ్య కొద్ది నెలలలోనే 7 శాతం పెరిగింది. ఇంత జరిగినా స్థానికుల వేతనాలపై గాని, నిరుద్యోగంపై గాని చెప్పుకోదగిన ప్రభావం కనిపించలేదని డేవిడ్ కార్డ్ 1990లో నిరూపించబూనారు. 2021లో నోబెల్ బహుమతి పంచుకున్న ఆర్థికవేత్త ఈయనే. బోర్హాస్ అవే సంవత్సరాల లెక్కలను మళ్ళీ తిరగేసి, హైస్కూలు చదువు పూర్తిచేయని స్థానిక పురుషుల వేతనాలు 10 నుండి 30 శాతం వరకు పడిపోయాయని తేల్చారు.

ఇక్కడ గ్రంథకర్త ఆధారం బలహీనమైనది. ఆయన లెక్కలోకి తీసుకున్నది లాటిన్ అమెరికా మూలాలు లేని, 25 నుండి 59 ఏళ్ళ మధ్య వయస్సు పురుషులను మాత్రమే. స్త్రీలను, యువకులను, ఇతర హిస్పానిక్ కార్మికులను వదలివేయగా మిగిలినవారు బహు స్వల్పం. పైగా సరిగ్గా 1980 ప్రాంతంలోనే ఆ సర్వేలో నల్లజాతి పేదల పాలు పెరిగిందని క్లెమెన్స్, హంట్ అనే పరిశోధకులు తరువాత చూపించారు. వేతనం పడిపోయిందా, లేక తక్కువ వేతనం పొందేవారిని ఎక్కువగా లెక్కించడం జరిగిందా? ఈ సందేహం తీరనంత వరకు మయామీని తిరుగులేని సాక్ష్యంగా నిలబెట్టడం చెల్లదు.

అయితే ఈ గ్రంథంలో మరొక లెక్క ఉన్నది. దానిని తోసిపుచ్చడం అంత తేలిక కాదు. వలసల వల్ల అమెరికాలో అదివరకే ఉన్నవారికి ఏటా కలిగే నికర లాభం సుమారు 5,000 కోట్ల డాలర్లని ఆయన అంచనా. కాని ఆ లాభం వెనుక, వలసదారులతో పోటీపడే కార్మికుల నుండి వారి శ్రమను వినియోగించుకునే యజమానులకు చేతులు మారే సంపద దానికి దాదాపు పదిరెట్లు, అనగా 50,000 కోట్ల డాలర్లు. ఇది సర్వేలలో లెక్కించి చూసినది కాదు, ఒక సిద్ధాంత నమూనా నుండి రాబట్టినది. అంకెను తగ్గించవచ్చు. ప్రశ్నను మాత్రం తప్పించుకోలేము. ‘దేశానికి లాభం’ అన్నప్పుడు దేశమంటే ఎవరు? హోటలు యజమానా, అదే హోటలులో గిన్నెలు కడిగే స్థానిక కూలీయా? వలసను సమర్థించే రచనలలో ఈ ప్రశ్న తరచు కానరాదు.

గ్రంథకర్త కూడా తన సూత్రాన్ని తుదివరకు పాటించలేదు. వచ్చినవారు మనుషులైతే వారి బిడ్డలూ లెక్కలోకి రావాలి. అమెరికా జాతీయ అకాడమీల 2016 నివేదికను రూపొందించిన బృందంలో ఆయన కూడా సభ్యులే. మొదటి తరం వలసదారులు, ముఖ్యంగా వారి పిల్లల చదువుల కారణంగా, రాష్ట్రాల ఖజానాలకు భారమైనా, ఆ పిల్లలే పెద్దవారై దేశ ఖజానాకు అత్యధికంగా పన్నులు చెల్లించే వర్గాలలో నిలుస్తున్నారని ఆ నివేదిక పేర్కొన్నది. భారాన్ని తూచిన త్రాసులోనే ఈ ఫలితాన్నీ తూచవలసింది. గ్రంథంలో ఆ మొగ్గు లేదు.

అంతకంటె పెద్ద లోపం మరొకటి. వేతనాన్ని పడగొట్టేది వచ్చినవారి సంఖ్యా, వారి నిస్సహాయతా అన్న విచారణ ఇందులో చాలదు. దీనికి గల్ఫ్ దేశాలను చూడాలి. ఖతర్, యు.ఎ.ఇ.లలో ప్రతి పదిమందిలో ఎనిమిది మందికి పైగా విదేశీయులే. అక్కడివారు కోరుకున్నది అక్షరాలా కార్మికులనే, పౌరులను కాదు. మన కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుండి వెళ్ళినవారి వీసా కఫీల్ చేతిలో ఉండేది. యజమానిని మార్చుకోలేని మనిషి జీతం కోసం బేరమాడలేడు. అటువంటివాడు చౌకగా దొరుకుతుంటే స్వదేశీ యువకుణ్ణి ఏ యజమాని పనిలో పెట్టుకుంటాడు? సౌదీ ప్రభుత్వం 2011లో ‘నితాఖాత్’ ద్వారా స్వదేశీయులకు కోటాలు విధించడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఖతర్ 2020లో చట్టం సవరించి, యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే హక్కును, అందరికీ వర్తించే కనీస వేతనాన్ని ప్రకటించింది. వలస కార్మికునికి హక్కు దక్కితే, అతని చౌకదనాన్ని అడ్డం పెట్టుకుని స్థానికుని తోసివేయడం కష్టమవుతుంది. ఇద్దరి మేలూ ఒక్కచోటే ఉన్నది.

బోర్హాస్ గ్రంథాన్ని చదవవలసిందే. ఆయన మయామీ లెక్కను నమ్మనక్కరలేదు. కాని లాభనష్టాలు ఎవరెవరికన్న ఆయన ప్రశ్నకు, వలసను సమర్థించే మనం కూడా సమాధానం చెప్పుకోవాలి. అది సరిహద్దు తలుపులు ఎంత తెరవాలన్న చర్చతో తీరేది కాదు. లాభపడినవారి నుండి ఎంత రాబట్టి నష్టపోయినవారికి ఎంత చేర్చాలి, వచ్చినవారికి ఏ హక్కులు ఇవ్వాలి అన్న చర్చతోనే అది తీరుతుంది.