పడుకుని చూసి కొనాల్సిన బండి

మోటార్‌హోమ్ కాపురానికి పనికొస్తుందా లేదా అన్నది దాని పొడవును బట్టి తేలదు. అందులో ఒక రోజు పనులన్నీ చేసినట్టు నటించి చూడాలి. అమెరికాలో వీటిని క్లాస్ ఎ, బి, సి అని మూడు రకాలుగా అమ్ముతారు. ఎ బస్సంత ఉంటుంది, బి వ్యాన్‌లోనే ఇమిడిపోతుంది. సి రకంలో చాలావాటికి డ్రైవరు నెత్తిమీద ఒక మంచం ఉంటుంది.

షోరూమ్‌లో బండి పక్కగోడల్ని బయటికి జరిపి ఉంచుతారు. స్లైడ్-అవుట్ అనే ఈ ఏర్పాటు వల్ల ఇరుకు గది హాలులా కనిపిస్తుంది. దారిలో ఆ గోడలు లోపలే ఉంటాయి. అందుకే మొదట వాటిని మూయించి లోపల తిరగాలి. కొన్ని బండ్లలో అప్పుడు ఫ్రిజ్ తలుపు తెరుచుకోదు. మరికొన్నింటిలో బాత్రూమ్‌కు దారే ఉండదు.

తర్వాత చెప్పులు విప్పి మంచమెక్కాలి. ఇక్కడ మొహమాటం పనికిరాదు. ఇళ్లలో వాడే క్వీన్ పరుపు పొడవు 80 అంగుళాలైతే, ఈ బండ్లలో తరచూ 75 అంగుళాలే ఉంటుంది. షవర్‌లో మోచేతులు ఎత్తి తల రుద్దుకున్నట్టు చేసి చూడాలి.

అసలు పరీక్ష నీటి దగ్గర. ట్యాంకులు మూడు: మంచినీటికి ఒకటి, వంట, స్నానం నీళ్లకు గ్రే, మరుగుదొడ్డికి బ్లాక్. మంచినీటి ట్యాంకు 40 గ్యాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు ఉందనుకుందాం. నిమిషానికి రెండు గ్యాలన్లు పోసే షవర్ కింద నలుగురు అయిదేసి నిమిషాలు నిలబడితే అది ఖాళీ. గ్రే ట్యాంకు దానికన్నా చిన్నదైతే స్నానాలు పూర్తవకముందే నిండుతుంది. రోజూ బియ్యం, ఆకుకూరలు కడిగే తెలుగింటికి గ్రే ట్యాంకు పరిమాణం మరీ ముఖ్యం. పొయ్యి మీది ఫ్యాన్ పొగను బయటికి పంపుతుందో, వడగట్టి మళ్లీ లోపలికే వదులుతుందో కూడా అడగాలి. లేకపోతే ఎండుమిర్చి తాలింపు ఘాటు పరుపుల్లోనే కాపురం పెడుతుంది.

ఇక కరెంటు సంగతి. అమెరికాలో 30 ఆంపియర్ల కనెక్షన్ ఇచ్చేది 3,600 వాట్లే. ఏసీ, మైక్రోవేవ్, కరెంటు కుక్కర్ ఒకేసారి నడవవు. పాత బండైతే గోడమూలలు వేలితో నొక్కాలి. మెత్తగా దిగితే ఎక్కడో నీరు కారినట్టే.

చివరగా, కొత్త బండి లోపల అంటించే బరువు చీటీ చదవాలి. మనుషులు, సామాను కలిపి ఎంత మించకూడదో అందులో ఉంటుంది. నీళ్లు కూడా సామాను కిందికే వస్తాయి. చీటీలో 1,500 పౌండ్లుంటే, నలుగురు మనుషులకు 600, నిండు ట్యాంకుకు 330 పోగా మిగిలేది 570. బట్టలు, గిన్నెలు, కుర్చీలు, సరుకులు అన్నీ అందులోనే సర్దాలి. పడకలు ఆరున్నా ఆ బండి నలుగురికే.