ఒక గొంతు కోసం కట్టిన స్వరం

బెంజమిన్ బ్రిటన్ 1913 నవంబరు 22న ఇంగ్లండు తూర్పు తీరంలోని లోస్టాఫ్ట్‌లో పుట్టాడు. తండ్రి పళ్ళ డాక్టరు, తల్లి పాటలు పాడేది. చిన్నతనంలోనే స్వరకర్త ఫ్రాంక్ బ్రిడ్జ్‌కు శిష్యుడయ్యాడు.

1937లో టెనర్ గాయకుడు పీటర్ పియర్స్‌తో పరిచయమైంది. ఆ తోడు జీవితాంతం నిలిచింది. 1967 దాకా మగవాళ్ళ మధ్య లైంగిక సంబంధం ఇంగ్లండు చట్టంలో నేరం. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే వేదికెక్కారు. బ్రిటన్ బతికున్నన్నాళ్ళూ తమ బంధం గురించి మాత్రం బయట పెదవి విప్పలేదు. 1940లో మైకెలాంజెలో ప్రేమ సానెట్లు ఏడింటికి బ్రిటన్ స్వరం కట్టాడు. అవి ఇటాలియన్‌లో ఉన్నాయి, పాడింది పియర్స్.

బ్రిటన్ పద్ధతి ఒకటే: ముందు పాడే మనిషి, తరువాత స్వరం. పియర్స్ గొంతులో మధ్య సప్తకపు ‘ఇ’ స్వరం ఎంతో అందంగా పలికేది. 1945 జూన్ 7న లండన్‌లో తొలిసారి ఆడిన ‘పీటర్ గ్రైమ్స్’ ఒపేరాలో, తుపాను రాత్రి పబ్బులోకి వచ్చిన జాలరి నక్షత్రాల గురించి పాడతాడు. గొంతు ఆ ఒక్క స్వరాన్నే పట్టుకుని నిలుస్తుంది. కింద తీగవాద్యాలు మెల్లగా జారుతుంటాయి. ఊరంతా అనుమానించే మనిషి ఒంటరితనం అలా చెవికి అందుతుంది.

పిల్లలకు రాసినా ఇదే లెక్క. 1958 నాటి ‘నోయీస్ ఫ్లడ్’ (నోవహు జలప్రళయం) ఒపేరాలో వాన చినుకుల కోసం కప్పులను తాడుకు వేలాడదీసి, చెక్క గరిటెతో తట్టించాడు. సంగీతం నేర్వని పిల్లవాడికీ అందులో పని దొరికింది.

బ్రిటన్ యుద్ధ వ్యతిరేకి. బాంబులకు కూలిన కోవెంట్రీ కెథెడ్రల్ పక్కన లేచిన కొత్త కెథెడ్రల్‌లో, 1962 మే 30న ‘వార్ రిక్వియం’ వినిపించింది. లాటిన్ ప్రార్థనల మధ్య, మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన విల్‌ఫ్రెడ్ ఓవెన్ కవితలు పొదిగాడు. వాటిని పాడింది ఇంగ్లిష్‌వాడైన పియర్స్, జర్మన్ గాయకుడు ఫిషర్-డీస్కౌ.

బ్రిటన్ నివసించిన ఆల్డ్‌బరా ఊళ్ళో అతని రోజు ఒక క్రమంలో సాగేది: ఉదయం పెన్సిల్‌తో రాత, మధ్యాహ్నం నడక. ఏం రాయాలో ఆ నడకలోనే తేలేది. చివరి ఒపేరా ‘డెత్ ఇన్ వెనిస్’ (1973) కోసం గుండె ఆపరేషన్‌ను వాయిదా వేసుకున్నాడు. ప్రధాన పాత్రను అరవై దాటిన పియర్స్ పాడాడు.

1976 డిసెంబరు 4న బ్రిటన్ కన్నుమూశాడు. రాణి ఎలిజబెత్ సంతాప సందేశం పియర్స్‌కు వచ్చింది. 1986లో పోయిన పియర్స్‌నూ ఆల్డ్‌బరా చర్చి ఆవరణలో బ్రిటన్ పక్కనే ఖననం చేశారు.